సస్పెన్షన్‌లో ఉన్న సీడీ డ్రైవు

ఆపరేషన్ అవసరమా కాదా అన్నది డాక్టర్లు తేలుస్తారని మీరింకా అనుకుంటున్నారంటే, మీకు మా మండలితో పని పడలేదన్నమాట. సంతోషం. ఎప్పటికీ పడకూడదనే కోరుకుంటాను.

మాది జిల్లా శస్త్రచికిత్సల అనుమతి మండలి. పేదవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో పెద్ద ఆపరేషన్ ఏదైనా జరగాలంటే ముందు మా ముద్ర పడాలి. పెద్దాసుపత్రిలో స్కానింగు తీసి, ఆ బొమ్మల్ని సీడీలో వేసి రోగి చేతికిస్తారు. రోగి ఆ సీడీ పట్టుకుని మా దగ్గరికొస్తాడు. మేము బొమ్మలు చూసి సరే అంటాం. ఇంత సులువైన పనిని ఏ ప్రభుత్వమూ ఎక్కువ కాలం ఓర్చుకోలేదు కాబట్టి పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఎవరో ఒకాయన వేరేవాళ్ల బొమ్మలు తెచ్చి తనవని చెప్పాడట. అప్పట్నుంచి రోగి తెచ్చిన అసలు సీడీనే, మండలికి కేటాయించిన ల్యాప్‌టాప్‌లోనే, రోగి ఎదురుగానే చూడాలి. కాపీ తీయకూడదు. ఇంకో యంత్రంలో పెట్టకూడదు. పెద్దాసుపత్రి వాళ్లకీ ఇంకో సర్క్యులర్ వెళ్లింది: ఒక రోగికి ఒకే సీడీ.

మండలికి ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. దాని సీడీ డ్రైవు నెమ్మదించింది. మొదట కాస్త, ఆ తర్వాత బాగా. సీడీ పెడితే లోపల గుర్రుమని తిరిగేది, ఆగేది, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ తిరిగేది. తలకాయ స్కానింగు పెడితే టీ వేళకు నెత్తి కనపడేది, భోజనాల వేళకు కనుబొమలు వచ్చేవి. ముక్కు దాకా చూసి అనుమతి ఇచ్చేసిన కేసులు కూడా ఉన్నాయి. నేను మండలిలో టైపిస్టుని. ఆ అనుమతులు టైపు కొట్టింది నేనే కాబట్టి ఇవి గాలికబుర్లు కావు.

అలాంటి రోజుల్లో బోయిని మొగిలి వచ్చాడు. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ. నలభై దాటి ఉండవు. మెట్లెక్కి, గడప దాటి, తన కాళ్ల మీద తనే నడిచి వచ్చాడు. వెనకాల భార్య సమ్మక్క సీడీ కవరుని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

“ఎన్నుల నరం నొక్కుకపోయిందన్నరు సార్,” అందామె. “కాళ్లు తిమ్మిర్లు పడుతున్నయ్. చెప్పు జారిపోయినా ఈనకు తెలుస్తలేదు. జెప్పన ఆపరేషన్ చేస్తే మంచిగైతడట. ఆల్సెమైతే కాళ్లు పడిపోతయని పెద్ద డాక్టరు చెప్పిండు.”

“మీరు సంతకం పెడితే వచ్చే వారమే చేస్తరట సార్,” అన్నాడు మొగిలి. “మల్ల సీజన్ షురువయ్యేసరికి నేను పనిల ఉండాలె.”

మండలి అధ్యక్షులు డాక్టర్ విఠల్‌దాస్ గారు. పేరున్న సర్జను. మంచివారని కూడా అంటారు, ఆ మంచితనం ఇంతవరకూ ఎవరి దారికీ అడ్డు రాలేదు. ఆయన సైగ చేస్తే సీడీని డ్రైవులో పెట్టాం. గుర్రుమంది. లైటు మిణుకుమిణుకుమంది. సాయంత్రానికి తెర మీద మొగిలి పేరు, వయసు, ఊరు వచ్చాయి. బొమ్మ రాలేదు.

“వచ్చే సమావేశానికి రండి,” అన్నారు కార్యదర్శి మార్తాండరావు గారు. “సీడీ లోపలే ఉండనివ్వండి. సగం చదివినదాన్ని తీస్తే మళ్లీ మొదటికి వస్తుంది.”

మార్తాండరావు గారి గురించి చెప్పాలి. ఆయన సర్వీసంతా క్రమశిక్షణ విభాగంలో గడిచింది. ఆలస్యంగా వచ్చినవాళ్లు, అసలు రానివాళ్లు, వచ్చి కూడా రానట్టు ఉన్నవాళ్లు, అందరూ ఆయన చేతి కింద నలిగిపోయినవాళ్లే. ఎవరు ఎదురుపడినా వీడు ఏ నియమం కింద వస్తాడు అన్నట్టు చూస్తారు. వైద్యం గురించి ఏమీ తెలియదు కనుక వైద్య మండలికి కార్యదర్శిగా వేశారు.

డ్రైవు సంగతి చూడమని కంప్యూటర్ కంపెనీకి కబురు పెడితే ఫణీంద్ర అనే ఇంజనీరు వచ్చాడు. మెడలో టై, చెవిలో ఫోను. కుర్చీలో సగం కూర్చుని, రెండు మీటలు నొక్కి చూశాడు.

“మామూలేనండి. గీతలు పడ్డ సీడీలు పెట్టి ఉంటారు, లెన్సు మీద దుమ్ము కూడా పేరుకుంది. చదవడంలో తప్పులొస్తాయి. తప్పులు ఓ మోతాదు దాటితే కంప్యూటరే ఆ డ్రైవుని కింది స్థాయి వేగంలోకి దించేస్తుంది. ఇక అది దానంతటది పైకి రాదు. దుమ్ము తుడిచినా రాదు. మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అక్కడ ఈ డ్రైవు పేరున్న లైను తీసేసి, ఒకసారి రీస్టార్ట్ కొట్టాలి. అయిదు నిమిషాల పని.”

అతని వేలు మీట మీదికి వెళ్లబోతుంటే మార్తాండరావు గారు “ఆగండి” అన్నారు. ఆయన ముఖం నేనెప్పుడూ చూడనంతగా వెలిగిపోతోంది. ఇన్నాళ్లూ తనకు అర్థం కాని వైద్యం మధ్య కూర్చున్న మనిషికి తెలిసిన చుట్టం కనపడ్డాడు.

“తప్పులు చేసినందుకు కంప్యూటర్ దాన్ని కింది స్థాయికి దించింది. అంతేనా?”

“అంతేనండి.”

“మళ్లీ పై స్థాయికి ఎత్తే అధికారం కంప్యూటర్‌కే లేదు.”

“లేదండి.”

“మరి మీకెక్కడిది?”

ఫణీంద్ర చెవిలో ఫోను తీసేశాడు. సరిగ్గా విన్నానా అని అనుమానం వచ్చినట్టుంది.

“ఇది స్థాయి తగ్గింపు,” అన్నారు మార్తాండరావు గారు. “తీవ్రమైన శిక్షల కోవలోకి వస్తుంది. తీవ్రమైన శిక్ష విధించే ముందు ఛార్జి మెమో ఇచ్చారా? సంజాయిషీ కోరారా? విచారణ జరిపారా? ఏదీ లేకుండా దించేశారు. కాబట్టి దించడమే అక్రమం. అక్రమంగా దించినదాన్ని మీరు చాటుగా రెండు మీటలు నొక్కి ఎత్తేస్తే అది ఇంకో అక్రమం. ఈ కార్యాలయంలో నేనుండగా అలాంటివి జరగవు. ప్రక్రియ మొదట్నుంచి మొదలవుతుంది.”

“సార్, అది ప్లాస్టిక్ పెట్టె,” అన్నాడు ఫణీంద్ర.

“దాని మీద ప్రభుత్వ ఆస్తి అని రాసి ఉంది. నా మీదా అంతే రాసి ఉంది, కనపడదంతే.”

డాక్టరు గారు ఏదైనా అంటారేమోనని చూశాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఫణీంద్ర తన కాగితం మీద ‘సమస్య పరిశీలనలో ఉంది’ అని రాయించుకుని వెళ్లిపోయాడు.

ఛార్జి మెమో నేనే కొట్టాను. “మండలి ల్యాప్‌టాప్‌నందు అమర్చబడియున్న సీడీ డ్రైవు అను మీరు, విధి నిర్వహణలో పదేపదే తప్పిదములకు పాల్పడి, తద్వారా ప్రజాకార్యములకు విఘాతము కలుగజేసియున్నారు. మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో గడువులోగా లిఖితపూర్వకముగా తెలుపుకొనవలెను.”

“సార్, డ్రైవు దీన్ని తీసుకున్నట్టు సంతకం పెట్టదు కదా,” అన్నాను.

“తీసుకోవడానికి నిరాకరించిందని రాయండి. ఇద్దరు సాక్షుల సమక్షంలో అంటించండి.”

అటెండర్లిద్దరూ సాక్షులుగా నిలబడ్డారు. మెమోను ల్యాప్‌టాప్ మూతకు అంటించాం. గడువు ముగిసింది. డ్రైవు సంజాయిషీ ఇవ్వలేదు. మెమోకు బదులివ్వకపోవడం ధిక్కారం కిందికి వస్తుందని మార్తాండరావు గారు చెప్పగా, విచారణ పూర్తయ్యేదాకా డ్రైవుని సస్పెండు చేశారు.

సస్పెండైన ఉద్యోగికి నియమాలుంటాయి. ముందస్తు అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్సు వదిలి వెళ్లకూడదు కాబట్టి ల్యాప్‌టాప్‌ని రిపేరు షాపుకి పంపే దారి మూసుకుపోయింది. జీతం ఆగి జీవనభృతి కింద సగమే అందాలి కాబట్టి చార్జరుని ఒక పూట మాత్రమే పెట్టేవాళ్లం. ఈ విషయం బయటికి పొక్కి ఉద్యోగుల సంఘం కార్యదర్శి ప్రభాకర్ బాబు ఊగిపోతూ వచ్చాడు. జనం మా వరండాలో చాపలు పరుచుకుని పడుకున్న ఇన్నేళ్లలో అతను ఇటువైపు రావడం అదే మొదటిసారి.

“ఉద్యోగి అన్నాక ఉద్యోగే,” అన్నాడు బల్ల చరిచి. “ఇవాళ డ్రైవు. రేపు మేము. విచారణలో దాని తరఫున నేను నిలబడతాను.”

మార్తాండరావు గారు లేచి కరచాలనం చేశారు. ఎదుటివాడి తరఫున వాదించడానికి మనిషి దొరికితేగానీ ఆయనకు విచారణ రుచించదు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి బిర్యానీ తెప్పించుకున్నారు.

మొగిలి రెండోసారి వచ్చేసరికి చేతిలో కర్ర ఉంది. కుడికాలు నేల మీద ఈడుస్తున్నాడు. మెట్ల దగ్గర సమ్మక్క అతని చంకలో భుజం పెట్టి ఎక్కించింది. సంగతంతా నేనే చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గనిపించింది. ఆమె నా మాటలన్నీ విని, నన్ను వదిలేసి నేరుగా మార్తాండరావు గారి బల్ల దగ్గరికి వెళ్లింది.

“మీ లొల్లి నాకు సమజ్ కాదు సార్. మా సీడీ మాకియ్యుండ్రి. ఎవరి కాళ్లన్న పట్టుకుని ఇంకోకాడ సూపిచ్చుకుంటం.”

“ఇవ్వడానికి లేదమ్మా. సస్పెండైన ఉద్యోగి దగ్గరున్న వస్తువుని తీసుకోవాలంటే ఛార్జి అప్పగింత జరగాలి. అప్పగించుకోవడానికి సమాన హోదా గల మరో డ్రైవు ఉండాలి. మా దగ్గర లేదు. పైగా ఆ సీడీ ఇప్పుడు సాక్ష్యం.”

“ఆసుపత్రోళ్లు ఇంకోటి ఇయ్యరట. పాతది తెస్తెనే కొత్తదట.”

“వాళ్లు నియమం ప్రకారమే మాట్లాడుతున్నారు,” అన్నారు మార్తాండరావు గారు మెచ్చుకోలుగా.

“మరి ఈన కాళ్లో?”

ఆ ప్రశ్నకు మా దగ్గర ఏ నియమమూ లేదు. మార్తాండరావు గారు ఆమెను జాలిగా చూసి, విచారణలో మొగిలిని ముఖ్య సాక్షిగా పిలుస్తామని హామీ ఇచ్చారు.

విచారణాధికారిగా డాక్టర్ విఠల్‌దాస్ గారినే వేశారు. “నేను డాక్టరునండీ,” అన్నారాయన. “విచారణ ఉన్నన్నాళ్లూ కాదు,” అన్నారు మార్తాండరావు గారు. డాక్టరు గారు ఆలోచించి, విచారణాధికారికి విడిగా కారు ఇస్తారని తెలిశాక ఒప్పుకున్నారు. ఆ రోజుల్లో ఆయన ఆసుపత్రికి వెళ్లడం కూడా తగ్గించుకున్నారు. సాక్ష్యాల విభాగం, వాంగ్మూలాల విభాగం అంటూ పుస్తకాలు తిరగేస్తూ కూర్చునేవారు.

విచారణ రోజున హాలులో ల్యాప్‌టాప్‌కి ఒక కుర్చీ వేశారు. నిందితుడు నిలబడాలని మార్తాండరావు గారు, కూర్చునే హక్కు ఉందని ప్రభాకర్ బాబు వాదించుకుంటే, చివరికి కుర్చీ మీద నిలువుగా పెట్టారు. మొగిలిని నలుగురు హమాలీలు ప్లాస్టిక్ కుర్చీతో సహా మోసుకొచ్చారు. నడుం కింద దుప్పటి కప్పి ఉంది. దుప్పటి కింద కాళ్లు వేలాడుతున్నాయి.

ప్రభాకర్ బాబు సాక్షిని ప్రశ్నించాడు.

“ఈ డ్రైవు మీ సీడీని కావాలనే నెమ్మదిగా చదివిందని మీరు చెప్పగలరా?”

“నాకేం తెల్సు సార్.”

“మీకూ దీనికీ పాత కక్షలేమైనా ఉన్నాయా?”

“నేను దాన్ని సూడనన్న సూడలె. పెట్టె లోపల ఉన్నదన్నరు.”

“రాసుకోండి. సాక్షి నిందితుణ్ణి చూడనే లేదు.” ప్రభాకర్ బాబు గెలిచినట్టు అందరి వంకా చూశాడు. “అది నెమ్మది అని మీకెలా తెలుసు? దేనితో పోల్చి చెబుతున్నారు?”

మొగిలి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. “మొదటిసారి వచ్చిననాడు నడిచొచ్చిన సార్. రెండోసారి కట్టె పట్టుకొచ్చిన. ఇయాల మోసుకొచ్చిండ్రు. దాంతోటి పోల్చుకుంటె నెమ్మదే కావచ్చు.”

“సంబంధం లేని విషయం. కొట్టేయండి,” అన్నాడు ప్రభాకర్ బాబు.

నేను కొట్టేశాను. అప్పుడు మొగిలి డాక్టరు గారి వైపు తిరిగాడు.

“సార్, పోయినసారి వచ్చినప్పుడు నా బొటనేలు కదిలేది. ఇప్పుడు కదుల్తలేదు. మీరొక్కపారి సూస్తరా?”

డాక్టరు గారు తెలియకుండానే కుర్చీలోంచి సగం లేచారు. మనిషిలో డాక్టరు ఎక్కడో మిగిలే ఉన్నాడు. మార్తాండరావు గారు ఆయన మోచేయి పట్టుకున్నారు.

“మీరిప్పుడు విచారణాధికారి. సాక్షిని ముట్టుకుంటే ప్రభావితం చేసినట్టవుతుంది.”

డాక్టరు గారు కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. పదడుగుల దూరంలో సర్జను, ఇవతల కాలి వేలు కదలని మనిషి, మధ్యలో పూలగుత్తి పెట్టిన బల్ల. ఆ బల్ల దాటడానికి ఒక్కరికీ అధికారం లేదు. సమ్మక్క వంగి, దుప్పటి కింద చేయి పెట్టి, ఆ బొటనవేలిని తనే పట్టుకుని కదిపి చూసింది.

తీర్పు రావడానికి ఇంకొంత కాలం పట్టింది. దాన్ని చదివి వినిపించే రోజున హాలు నిండిపోయింది. విచారణాధికారి తేల్చింది ఇది: డ్రైవు తప్పులు చేసిన మాట నిజమే కానీ, ఆ తప్పులకు కారణం గీతలు పడిన, దుమ్ము పట్టిన సీడీలు. వాటిని తెచ్చినది ప్రజలు. కాబట్టి నేరం ప్రజలది. నిర్దోషి అయిన డ్రైవుని పూర్వస్థాయిలో, పూర్తి గౌరవాలతో తిరిగి విధుల్లోకి తీసుకోవాలి. సస్పెన్షన్ కాలమంతా పని చేసినట్టే లెక్కించాలి. ప్రజలు ఇకపై శుభ్రంగా ప్రవర్తించాలని గోడ మీద బోర్డు పెట్టాలి.

చప్పట్లు మోగాయి. ప్రభాకర్ బాబు ల్యాప్‌టాప్‌కి బంతిపూల దండ వేశాడు. సంఘం వాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకుని కార్యాలయం చుట్టూ ఊరేగించారు. మైసూరుపాకు పంచారు, వరండాలో ఉన్న రోగులకు కూడా తలో ముక్క ఇచ్చారు. మార్తాండరావు గారు పునర్నియామక ఉత్తర్వు మీద ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, దాని ఒక ప్రతి ఫణీంద్ర చేతికిచ్చారు. ఫణీంద్ర లెన్సు మీద దుమ్ము తుడిచాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్లాడు. ఆ లైను తీసేశాడు. రీస్టార్ట్ కొట్టాడు. టీ చల్లారక ముందే పని అయిపోయింది.

మర్నాడే మొగిలికి కబురు పంపాం. హమాలీలు అతన్ని యార్డులో బస్తాలు తోసే బండి మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. మెట్ల దగ్గర అతన్ని బండితో సహా ఎత్తారు. మొగిలి కళ్లు తెరిచే ఉన్నాడు గానీ పలకరిస్తే పలకలేదు. సమ్మక్క మాత్రం నన్ను చూసి, “ఇయాలన్న అయితదా సార్?” అంది. అవుతుందన్నాను. నిజంగానే నమ్మాను.

డ్రైవు ఒక్కసారి బుస్సుమంది. రెప్పపాటులో మొగిలి వెన్నెముక తెర నిండా విచ్చుకుంది. పూస వెంట పూస, మధ్యలో నలిగిన నరం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. డాక్టరు గారు ముందుకు వంగారు.

“ఇది వెంటనే చేయాల్సింది,” అన్నారు మెల్లగా. “ఇప్పుడు చేసినా కాళ్లు వస్తాయో రావో. కనీసం ఈ చచ్చుదనం పైకి పాకకుండా ఆపొచ్చు.” కలం మూత తీశారు.

“ఒక్క నిమిషం,” అన్నారు మార్తాండరావు గారు. ఆయన బొమ్మలు చూడటం లేదు. పక్కనున్న ఆసుపత్రి వ్యాఖ్య చదువుతున్నారు. “ఇక్కడేమని ఉంది? రోగి ఎవరి సహాయమూ లేకుండా నడుచుకుంటూ స్కానింగు గదిలోకి వచ్చాడు అని ఉంది.” ఆయన బండి వైపు చూశారు. “ఈయన నడుస్తాడా?”

“ఆలస్యమైతే ఇలాగే అవుతుందండీ. వైద్యపరంగా ఇది సహజమే.”

“వైద్యపరంగా కావచ్చు. సర్క్యులర్ పెట్టిందే ఒకరి బొమ్మలు ఇంకొకరు తేకుండా చూడటానికి. సీడీలో ఉన్నవాడు నడుస్తాడు. ఎదురుగా ఉన్నవాడు నడవడు. ఇద్దరూ ఒకరేనని మీరు సంతకం పెడతారా? రేపు మీ మీద విచారణ వేస్తే నేనే వేయాలి.”

డాక్టరు గారు తెర వైపు చూశారు, బండి వైపు చూశారు, వేసిన దండ ఇంకా వాడని ల్యాప్‌టాప్ వైపు చూశారు. కలానికి మూత పెట్టేశారు.

“అమ్మా, ఈయన చెల్లడు,” అన్నారు మార్తాండరావు గారు, ఎంతో మర్యాదగా. “ఈ సీడీలో ఉన్న నడిచే మనిషిని తీసుకురండి. అనుమతి ఈ క్షణంలో ఇచ్చేస్తాం. ఇప్పుడు మా దగ్గర ఆలస్యమన్నదే లేదు.”

సమ్మక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బల్లకు దగ్గరగా వచ్చి నిలబడింది.

“నడిచేటోణ్ణే తోలుకొచ్చిన సార్. ఆ మెట్లెక్కి మీ ముంగట నిలబడ్డడు. మీకాడనే ఇడిసిపెట్టిన. ఏడ పెట్టిండ్రో మీరే దేవులాడియ్యుండ్రి.”

మార్తాండరావు గారు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసి, తల పంకించి, నా వైపు తిరిగారు.

“రాసుకోండి. నడవగల వ్యక్తి ఒకరు మండలి ఆవరణలో తప్పిపోయినట్టు ఫిర్యాదు అందినది. గదులన్నీ గాలించవలెను.”

అటెండర్లిద్దరూ లేచారు. ఒకడు రికార్డు గది వైపు, ఇంకొకడు మెట్ల కిందికి బయల్దేరారు. దారికి అడ్డంగా ఉన్న బండిని గోడవారకి జరిపారు. మొగిలి పడుకున్న చోటి నుంచే మెడ తిప్పి, తనను వెతకడానికి వెళుతున్న వాళ్ల కాళ్ల వంకే చూస్తున్నాడు.